నాకంటే ముందే బయల్దేరిన పెట్టె

ఈ కథలో సముద్రం ఉంది. సింహాలున్నాయి. నడుం దాకా పెరిగిన గడ్డిలో దారి తప్పడం ఉంది, రెండుసార్లు ప్రాణం మీదికి రావడం ఉంది. చిత్తూరు జిల్లా కుర్రవాడొకడు రెంచీ ఒక్కటే ఆయుధంగా ఖండాంతరం దాటి, దప్పిగొన్న ఊళ్లకు నీళ్లిచ్చి తిరిగొచ్చిన వీరగాథ ఇది.

అని మొదలుపెడదామనే కాగితాలు ముందేసుకున్నాను. కానీ నిజానికి టాంజానియాలో ఉన్న రెండేళ్లూ నేను చూసింది బోరింగులు. మన వీధి చివర ఉండే బోరింగులే. అదే ఇనుము, అదే తుప్పు, అదే అరిగిన వాషరు. సింహాన్ని ఒక్కసారి చూశాను, అగ్గిపెట్టె మీద. కాబట్టి నేను చెప్పదగ్గ ప్రయాణం ఏదైనా ఉంటే అది వెళ్లే ముందు అందరికీ చెప్పి పోదామని మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా చేసినది. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోయే దూరం. నాకు ఐదు రోజులు పట్టింది.

మదనపల్లె, ఆదివారం

అప్పట్లో నేను పంచాయతీ సమితిలో బోరింగు మెకానిక్‌ని. ఇరవై ఆరేళ్లు. ఆఫ్రికాలో పల్లెవాళ్లకు బోరింగు రిపేరు నేర్పే మనుషులు కావాలని ఒక సేవాసంస్థ ప్రకటన వేస్తే, ఏమీ తోచని ఒక సాయంత్రం కార్డు రాసి పడేశాను. రమ్మన్నారు. తిండి పెడతారు, ఇల్లిస్తారు, చేతి ఖర్చుకు కాస్త ఇస్తారు, జీతం మాత్రం లేదు. ఈ చివరి ముక్క మా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. మండీలో గుమాస్తాగా ఉన్న మా నాన్న, అడిగినవాళ్లకు "ట్రాన్స్‌ఫర్" అని చెప్పుకున్నాడు. రవికలు కుట్టే మా అమ్మ, గిరాకీలందరికీ "గవర్నమెంటే పంపిస్తాండాది" అని చెప్పింది. జీతం లేకుండా పనిచేయడం నాకు కొత్త కాదు, సమితిలో మూడు నెలలకొకసారి అదే చేస్తున్నాం అని నేనంటే ఇద్దరూ వినిపించుకోలేదు.

శుక్రవారం పొద్దున పాస్‌పోర్టుతో మద్రాసు ఆఫీసులో హాజరు కావాలి. అంటే గురువారం ప్రయాణం. అమ్మ పంచాంగం అయ్యవారిని పిలిపించింది.

"గురువారం దక్షిణానికి పోరాదమ్మా. వారశూల," అన్నాడాయన.

"శూల ఉందని విమానం ఆగదు స్వామీ," అన్నాను.

"ఆగేపనిల్యా. ఆదివారం పొద్దున దివ్యంగా ఉండాది. ఆపొద్దే బయల్దేరు."

"ఆదివారం నుంచి గురువారం దాకా యాడుండాల?"

"నువ్వు ఇంట్లోనే ఉండు నాయనా. పెట్టెను పంపించు."

దీన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. మంచి ఘడియ వచ్చినప్పుడు మనిషికి వీలు కాకపోతే, అతని మనసుకు నచ్చిన వస్తువేదైనా పెట్టి సామాను ముందుగా పోయే దిక్కున ఇంకొకరింటికి సాగనంపుతారు. మనిషి బయల్దేరినట్టే లెక్క. తరవాత అతను రాహుకాలంలో పోయినా, పిల్లి ఎదురైనా అది వట్టి బస్సు ప్రయాణం కిందికి వస్తుంది. మా పెట్టె పోవాల్సిన ఇల్లు పుంగనూరులో ఉన్న మా మేనత్తది. ఆదివారం సూర్యోదయానికి నా రేకు పెట్టెకు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, హారతిచ్చారు. నాన్న దాన్ని భుజాన పెట్టుకుని బస్టాండుకు నడిచాడు. వీధి చివర దాకా పోయి అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను పళ్లు తోముకుంటూ గడపలో నిలబడి చూశాను. తనను తానే సాగనంపుకునే భాగ్యం అందరికీ దొరకదు.

సాయంత్రం అడిగాను.

"అమ్మా, నా పాస్‌పోర్టు యాడ పెట్నావు?"

"పెట్టెలో."

"ఏ పెట్టెలో?"

"ఇంట్లో ఎన్ని పెట్టెలుండాయిరా? పోయిన పెట్టెలో. మనసుకు నచ్చిన వస్తువు పెట్టల్లని అయ్యవారు సెప్పలే? ఆ బుక్కు వచ్చిన కాడ్నుంచి తలదిండు కింద పెట్టుకోని పండుకుంటాండావు. దానికంటే నచ్చింది నీకేముండాది?"

ఈ తర్కంలో లోపం నాకిప్పటికీ దొరకలేదు. పుంగనూరు పోయి తెచ్చుకుంటానంటే అయ్యవారు ఒప్పుకోలేదు. పెట్టె వెనక్కి రాకూడదు, నేను ఇల్లు వదిలి బయల్దేరే దాకా దాని మొహం చూడకూడదు. సరే, ఒకరోజు ముందే, బుధవారం పోయి అక్కడే అందుకుందాం, అక్కణ్నుంచి అటే మద్రాసు అనుకున్నాను.

మదనపల్లె, ఇంకా మదనపల్లె

ఇక్కడొక పొరపాటు జరిగింది. ఆదివారమే బయల్దేరుతున్నానని ఊరంతా అనుకోవడం వల్ల శనివారమే టీ కొట్టు ముందు నాకు దండ వేసేశారు. సమితి గుమాస్తా ఉపన్యాసం కూడా ఇచ్చాడు. అందులో నన్ను రెండుసార్లు "మన మధ్య లేని" అన్నాడు. సోమవారం పొద్దున నేను అదే కొట్టుకు టీకి పోయాను.

"ఇంకా పోలేదా?" అన్నాడు కొట్టు ఓనరు, గ్లాసు కడుగుతూ.

చాకలి అడిగాడు. పోస్ట్‌మాన్ అడిగాడు. శనివారం ఏడ్చిన పక్కింటి అవ్వ నన్ను చూసి, మోసపోయిన మనిషిలా మొహం తిప్పుకుంది.

నాతో బోరింగు పైపులు లాగే దస్తగిరి మాత్రం నేరుగా తగులుకున్నాడు. "ఏం సార్, రూపాయిన్నర పెట్టి రోజాపూల దండ ఏస్తిమి. నువ్వు ఈడనే తిరుగుతాంటే మా ఇజ్జత్ ఏం కావాల?"

"పెట్టె పోయింది కదా దస్తగిరీ."

"దండ పెట్టెకు ఏసింటే సరిపోయుండు."

మంగళవారం కొత్తపేటలో చివరి బోరింగు ఇద్దరం కలిసి విప్పాం. పైపు పైకి లాగేటప్పుడు ఒకరు పట్టుకోవాలి, ఒకరు మర తిప్పాలి. ఒక్కడివల్ల కాదు. పని మధ్యలో దస్తగిరి పైపు పట్టుకునే ఉండి, "రేపట్నుంచి ఈ పక్క ఎవురు పట్టుకుంటారో," అన్నాడు, నా మొహం చూడకుండా. ఏదైనా మంచి మాట చెప్పాలని వెతుక్కుంటుంటే, "నీ పెద్ద రెంచీ నాకిచ్చి పోతావా? ఆఫ్రికాలో ఇస్తారంట కదా," అన్నాడు. ఇచ్చేశాను. నిజానికి అది సమితిది.

పుంగనూరు, బుధవారం

మదనపల్లె బస్టాండులో కిటికీలోంచి సీట్లోకి తువ్వాలు విసిరి, నింపాదిగా టీ తాగి వచ్చి కూర్చున్నాను. పుంగనూరు టికెట్టు మూడు రూపాయల చిల్లర. పరదేశం పోయేవాడు అన్నీ గమనించాలి కాబట్టి గమనించాను. మదనపల్లెలో ఇంటికొచ్చినవాణ్ని "ఎప్పుడొచ్చినావు?" అని అడుగుతారు. పుంగనూరులో "ఎప్పుడు పోతావు?" అని అడుగుతారు. అందులో అమర్యాద లేదు. బస్సు టైమును బట్టి సంగటి కెలకాలి కదా.

"ఎప్పుడు పోతావురా?" అంది అత్త, గడపలోనే.

"పెట్టె ఇస్తే ఇప్పుడే."

"పెట్టె పొద్దన్నే పోయిందే! కుప్పానికి. మీ అక్క కాడికి."

నేను అరుగు మీద కూలబడ్డాను. అత్త కంగారు పడకుండా చెంబుతో నీళ్లిచ్చింది.

"ప్రస్థానం పెట్టె ఒకింట్లో మూడు నిద్రలే సెయ్యల్లరా. ఆదివారం, సోమవారం, మంగళవారం అయిపాయె. నాలుగో నిద్ర సేస్తే పోయినోడు ఆడనే ఉండిపోతాడంట. నీకోసరమే కదా. చింతపండు లారీ పోతాంటే ఎక్కించినా. డ్రైవరు మనోడే."

"దాంట్లో నా పాస్‌పోర్టు ఉండాదత్తా!"

"తెలుసు. మీ అక్క జాబులో రాసింది, జాగర్త అని."

నేను తలెత్తాను. మా అక్కకు నా పాస్‌పోర్టు సంగతి ఎలా తెలుసు?

అత్తకు అబద్ధం ఆడటం రాదు. సంగటి ముద్ద మీద నెయ్యి వేస్తూ, పక్కన ఊరిబిండి పచ్చడి వడ్డిస్తూ మొత్తం కక్కేసింది. ఈ కుట్రలో మా అమ్మ ఉంది, అత్త ఉంది, దీని తలకాయ కుప్పంలో మా అక్క. రేపు మధ్యాహ్నం అక్క ఇంట్లో తాంబూలాలు. నాకూ, అక్క కూతురు రుక్కుకూ.

"రెండేండ్లు పిల్లను ఊరికే పెట్టుకోని కూసుంటుందా మీ అక్క? పొయ్యేలోపల మాట ఖాయం సేసుకుంటే ఆయమ్మకూ ధైర్నం."

"రేపు గురువారం శూల కదా!"

"పొయ్యేదానికి శూల. తాంబూలానికి శూల యాడిది?"

రుక్కు గురించి మీకు చెప్పాలి. మా వైపు అక్క కూతుర్ని చేసుకోవడం మామూలే. రుక్కు పుట్టినప్పుడు నాకు ఆరేళ్లు. ఉయ్యాల్లో ఉన్న పిల్లను చూపించి "నీ పెండ్లామురా" అన్నారు. నాకు అప్పుడు గోలీలు ముఖ్యం. తరవాత కూడా ఎవరూ అడగలేదు, నేనూ కాదనలేదు. ఆమెకిప్పుడు ఇరవై, టైపు హయ్యర్ పాసైంది, బంగారుపేటలో ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టిందని విన్నాను. అంతకుమించి తెలియదు.

ఆ మధ్యాహ్నం నా పథకం సిద్ధమైంది. తాంబూలానికి ఊ అనడం, పాస్‌పోర్టు అందుకోవడం, రైలెక్కడం. మిగిలింది రెండేళ్ల తరవాత చూసుకోవచ్చు. చాలా మంచి పథకం అనిపించింది. దాన్ని మెచ్చుకుంటుండగానే అత్త వీధివాళ్లను నలుగుర్ని వెంటబెట్టుకొచ్చింది.

"ఈ అబ్బోడే. ఆఫ్రికా వాళ్లకు బోరింగులు బాగు సేసేదానికి పోతాండాడు."

"ఆఫ్రికా ఉండనీలే," అన్నాడొక పెద్దాయన. "ఈ వీధి బోరింగు నెల దినాలుగా గాలి కక్కుతాండాది. దావలోనే ఉండాది కదా, సూసి పో."

సాయంత్రం దాకా చూశాను. ఆ లోపల కుప్పం పోయే ఆఖరి బస్సు పోయింది. అత్త వీధిలో నీళ్లొచ్చాయి.

బస్సులో, గురువారం

పలమనేరులో బస్సు మారాను. పక్కసీట్లో ఒక సాయిబు, ఒళ్లో తగరపు కడ్డీల మూట. ఇత్తడి గిన్నెలకు కళాయి వేస్తాడట, వి.కోటకు పోతున్నాడు.

"యాడికి పోతాండావప్పా?"

"ఆఫ్రికాకు."

"ఈ బస్సు కుప్పం దాకానే," అన్నాడు, తొణక్కుండా. "ఏం పని?"

"బోరింగు రిపేరు నేర్పించేదానికి."

"జీతమెంత?"

"లేదు. సేవ."

సాయిబు నన్ను పైనుంచి కిందికి చూశాడు. గొంతు తగ్గించాడు. "ఇంట్లో ఏమన్నా కొట్లాట అయిందా బేటా?"

ఇంతమందికి చెప్పలేనిది ఆయనకు చెప్పాను. పెట్టె, పాస్‌పోర్టు, తాంబూలం, నా పథకం. ఆయన గడ్డం నిమురుకుంటూ అంతా విన్నాడు. గొప్ప మాటేదో చెబుతాడని చెవులు రిక్కించాను. వి.కోటలో దిగుతూ, "పిల్లనడిగినావా?" అన్నాడు.

"లేదు."

"నేను కూడా అడగలే. ముప్పై ఏండ్లాయ. ఇంకా తిడతాండాది," అని మూట దించుకుని పోయాడు. అక్కడ రెండు ఇడ్లీలు, టీ కలిపి రూపాయిలోపే. చట్నీ బాగుంది. నాకే సయించలేదు.

కుప్పం

కుప్పంలో వాక్యం తెలుగులో బయల్దేరి, తమిళంలో మలుపు తిరిగి, కన్నడలో ఆగుతుంది. ఎవరికీ ఇబ్బంది లేదు. రిక్షా అతను నన్ను మూడు భాషల్లోనూ ఎక్కువే అడిగాడు.

అక్క ఇల్లు చేరేసరికి పందొమ్మిది మంది చాప మీద కూర్చుని ఉన్నారు. ఓళిగల, అంటే బొబ్బట్ల వాసన వీధిలోకి వస్తోంది. నా పెట్టె గోడ వారగా, పసుపు కుంకుమలతో, మధ్యలో చింతపండు మరకలతో, దేవుడి పటాల పక్కన ఉంది. దానికి కొత్త తాళం. తాళంచెవి అక్క బొడ్డులో. నన్ను చంకనేసుకుని పెంచిన మా అక్క నావైపు చూసి నవ్వింది. ఆ నవ్వులో కోర్టు ఉంది.

"వచ్చినావా? కాళ్లు కడుక్కో. మూడు గంటలకు తాంబూలం, ఐదున్నరకు రైలు. అంతా లెక్క ప్రకారమే పెట్నాలే."

పట్టుగూళ్ల వ్యాపారం చేసే మా బావ నా వీపు చరిచాడు. "అల్లుడూ, మావా అని పిలిచి సూడు ఒగసారి." ఆయనకు తన జోకుకు తానే నవ్వుకునే అలవాటు ఉంది.

కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోతే రుక్కు బట్టలుతికే బండ మీద కూర్చుని ఉంది. పట్టుచీర. మొహం మాత్రం పరీక్ష రాసొచ్చినట్టుంది.

"మామా, ఒగటి అడగాల. జోకులెయ్యద్దు."

"అడుగు."

"రెండేండ్లు అంటే రెండేండ్లేనా?"

"అంతే. మహా అయితే ఇంకొకటి."

"సూడు. ఇంకా రైలే ఎక్కలే, మూడయిపాయె." చెంబు నా చేతిలో పెట్టింది. "నువ్వు లోపలికి పోయి ఊ అంటావు. నాకు తెల్సు. పాస్‌పోర్టు కోసరం అంటావు. బస్సులో కిటికీలోంచి తువ్వాలేసి టీ తాగేకి పోతారే, అట్లా. నువ్వు టీ తాగొచ్చే దాకా తువ్వాలు ఆడే ఉండాల. ఎవురన్నా వచ్చి 'ఈడ ఎవురన్నా ఉండారా' అంటే అదేం చెప్తాది?"

చెంబులో నీళ్లన్నీ ఒక కాలి మీదే పోసేసుకున్నాను.

"నేనంటే ఇష్టం లేదా?"

"ఇష్టం సంగతి ఇన్నేండ్లలో నువ్వడిగినావా? రైలుకు టైమైనంక అడిగేది గాదు అది."

"మీ అమ్మకు చెప్పకపోయినావా?"

"నాలుగు దినాలుగా చెప్తానే ఉండా. పిల్ల సిగ్గుపడతాండాది అని నవ్వుతాండారు."

లోపలికి పోయాను. పళ్లెంలో ఆకులు, వక్కలు, టెంకాయ, అరటిపండ్లు. వరసకు పెద్దయిన తాతొకాయన పళ్లెం ఎత్తి నాకిచ్చాడు. నేను తీసుకోలేదు.

"తాంబూలం వద్దు తాతా. రుక్కు నా కోసం కాచుకోవాల్సిన పనిలేదు," అన్నాను.

పందొమ్మిది మందీ గొల్లున నవ్వారు. బావ తొడ చరుచుకున్నాడు. "సూసినారా, ఈడు ఇంతే! వాళ్ల నాయన ఆస్పత్రిలో ఉంటే 'బెడ్డు బాగుండాది, నన్ను గూడా సేర్చుకోండి' అన్నాడు!"

"నిజంగానే చెప్తాండా బావా."

ఇంకా నవ్వారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ నా బుగ్గ గిల్లింది. జీవితమంతా జోకులేసినవాడికి నిజం చెప్పే హక్కు ఎవరిస్తారు? గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. ఊ అంటే రెండు నిమిషాల్లో పెట్టె తెరుచుకుంటుంది. పెరటి గుమ్మంలో రుక్కు నిలబడి ఉంది, నవ్వకుండా.

"అక్కా," అన్నాను. "పాస్‌పోర్టు నీ కాడనే పెట్టుకో. నేను మదనపల్లెకు పోతా. తాంబూలం మాత్రం వద్దు."

అని గుమ్మం దాకా పోయి చెప్పులేసుకున్నాను. ఒక చెప్పు వేరేవాళ్లది. మార్చుకునేసరికి నవ్వు ఆగిపోయింది. నిజంగానే మదనపల్లె పోవాల్సి వస్తుందేమోనని అప్పుడు భయమేసింది. దండ వేసినవాళ్లకు ఏం చెప్పాలి?

అక్క నా కాళ్లవైపు చూసింది. తరవాత కూతురివైపు తిరిగింది.

"ఏమ్మే, నువ్వు సెప్పింది నిజమేనా?"

"నాలుగు దినాలుగా అదే గదమ్మా సెప్తాండేది."

అక్క లేచింది. బొడ్డులోంచి తాళంచెవి తీసి, పెట్టె తెరిచి, బనియన్ల అడుగునుంచి పాస్‌పోర్టు లాగి నా మీదికి విసిరింది. గురి తప్పలేదు.

"పోరా. నా ఎదురుగా ఇంగొక మాట మాట్లాడొద్దు."

దాన్ని జేబులో పెట్టుకున్నాను. కాసేపటికి వంటింట్లోంచి అక్క గొంతే వచ్చింది, పగిలిపోయి: "అరవై ఓళిగలు సేసినా. ఎవురు తింటారు అవి?"

అందరూ తిన్నారు. తాత పళ్లెంలోంచి ఒక ఆకు తీసి సున్నం రాసుకుంటూ, "తాంబూలం వద్దన్నాడు గానీ ఆకూవక్క వద్దనలే గదా," అని నములుకున్నాడు. నేను మూడు ఓళిగలు తిన్నాను. నాలుగోది అక్క వచ్చి ఆకులో పడేసి పోయింది.

కుప్పం స్టేషను

అక్క రాలేదు. బావ పెట్టెను సైకిలు కారియరుకు కట్టి తోసుకొచ్చాడు. దారిపొడుగునా, "నువ్వు ఎప్పుడు నవ్వల్లో ముందే సెప్పి సావరా," అని గొణిగాడు. టికెట్టు కొనడానికి లైనులో నిలబడ్డాడు. నేను పెట్టెతో బండెక్కి కూర్చున్నాను. వెంట వచ్చిన రుక్కు నా కిటికీ దగ్గరే ఉంది.

"మీ అమ్మ మాట్లాడుతుందా నాతో?"

"ఉత్తరం రాయి. తిట్టి జవాబు రాస్తాది."

"నీకు?"

"నాకెందుకు? నాకు బంగారుపేటలో ఇంటర్వ్యూ ఉండాది వచ్చే వారం." కిటికీ ఊచ పట్టుకుంది. "మామా, తిరిగొచ్చినాక నన్ను అడుగు. అప్పటికి గుర్తుంటే."

"ఏమని అడగాల?"

"అది గూడా నేనే చెప్పల్నా?"

బావ టికెట్టు తెచ్చి నా జేబులో కుక్కాడు. బండి కదిలింది. రుక్కు చెయ్యి ఊపలేదు, కిటికీతో పాటు నాలుగడుగులు నడిచి ఆగిపోయింది. ఆమెకు చెప్పాల్సిన సరైన జవాబు నాకు మల్లానూరు దాటాక తట్టింది. చాలా మంచి జవాబు. వినడానికి ఎదురుగా ఒక మేకల బేరగాడు నిద్రపోతున్నాడు. పాస్‌పోర్టు తెరిచి చూసుకున్నాను. అందులో నా ఫొటో ఎవరో తెలిసినవాళ్ల ఫొటోలా ఉంది. కళ్లు మండాయి. బొగ్గు ఇంజను కాదు కాబట్టి నుసి పడిందనడానికి కూడా లేదు.

తిరిగొచ్చాక అడిగానా లేదా, ఆమె ఏమంది అన్నది మీరు తెలుసుకోవాలనుకుంటారు. అది ఈ ప్రయాణంలోకి రాదు. ఇందులోకి వచ్చే సంగతి ఒక్కటే మిగిలింది: ఆ సాయంత్రం బండి మద్రాసు దాకా పోదు. జోలార్‌పేటలో దిగి, మెట్ల వంతెన ఎక్కి అవతలి ప్లాట్‌ఫారానికి పోయి మెయిలు కోసం కాచుకోవాలి. మంచినీళ్ల కొళాయి ఇవతలి పక్కే ఉంటుంది. వంతెన ఎక్కకముందే సీసా నింపుకోవాలి.